వేసవి పనికి ఎన్ని చోట్ల అప్లై చేసినా పిలుపు రావట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

"నలభై చోట్ల అప్లై చేశాను, ఒక్కరూ పలకలేదు." సెమిస్టర్ చివరికి వచ్చేసరికి ప్రతి ఏడాదీ ఈ మాట వింటాను. చదువుకునే రోజుల్లో వేసవి పనుల కోసం నేనూ తిరిగాను, తర్వాత జూనియర్ల దరఖాస్తులు దగ్గర కూర్చుని సరిచేయించాను, ఇప్పుడు మా ఆఫీసులో వేసవికి విద్యార్థులను తీసుకునేటప్పుడు వచ్చినవన్నీ చదివి వడపోసే పని కూడా నాకే వస్తోంది. రెజ్యూమె ఎలా రాయాలో, మెయిల్ ఎలా పంపాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను కాబట్టి వాటి జోలికి పోను. అవన్నీ బాగానే ఉన్నా పని దొరకనప్పుడు ఎక్కడ చూసుకోవాలో చెబుతాను.

సమస్య: ఎక్కడి నుంచీ ఉలుకూ పలుకూ లేదు

పదిహేను, ఇరవై చోట్ల పంపాక ఒక్క జవాబు కూడా రాలేదంటే మీ అర్హతను అనుమానించుకోవడం ఆపి, మీరు పంపిన ఫైలు తెరవండి. కంప్యూటర్‌లో ఉన్న ఫైలు కాదు, మెయిల్‌లో పంపినవాటిలోంచి తీసిన ఫైలు. అందులో ఉన్న నంబరు చూసి, ఇంకొకరి ఫోన్ నుంచి డయల్ చేయండి. ఇది చెబితే ప్రతివాళ్లూ "నా నంబరు నాకు తెలియదా" అంటారు, చేసి మాత్రం చూడరు. ఒకసారి ఒకమ్మాయి రెజ్యూమె మీదున్న నంబరుకు ఆమె ఎదురుగానే చేశాను, ఆమె చేతిలో ఫోన్ మోగలేదు. స్నేహితురాలి ఫైలు తీసుకుని పేరు, చదువు, మార్కులు అన్నీ మార్చింది, నంబరు ఒక్కటి మార్చలేదు. రెండు నెలలుగా వచ్చిన ఫోన్లకు ఆ స్నేహితురాలు "రాంగ్ నంబర్" అని పెట్టేస్తూ వచ్చిందట.

నంబరు సరిగ్గానే ఉంటే, తెలియని నంబర్లను సైలెంట్‌లో పెట్టే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి, పని వెతుక్కునే నెల రోజులూ అది ఆఫ్‌లోనే ఉండాలి. స్పామ్ ఫోల్డర్ రోజూ తెరవండి. యూనివర్సిటీ మెయిల్ ఇచ్చి ఉంటే సెలవుల్లో కూడా దాన్ని చూడాలి, లేదంటే సొంత మెయిల్ ఇవ్వండి. ఇంకొకటి, మీ పీడీఎఫ్‌లోని అక్షరాలను మౌస్‌తో సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. ఏమీ రాకపోయినా, చిందరవందరగా వచ్చినా పెద్ద కంపెనీల్లో రెజ్యూమెలను చదివే సాఫ్ట్‌వేర్‌కు కూడా అలాగే కనిపించే ప్రమాదం ఉంది. డిజైన్ హంగులు తీసేసి మామూలు డాక్యుమెంట్‌గా మళ్లీ చేయండి.

సమస్య: చూశారు, ఫోన్‌లో మాట్లాడారు కూడా, తర్వాత చప్పుడు లేదు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసింది ఇదే. బయటికి ఏ తప్పూ కనిపించదు. ఇంటర్వ్యూ బాగా జరిగిందనుకుంటారు, "కబురు చేస్తాం" అంటారు, కబురు రాదు. దాంతో ఇంగ్లిష్ సరిగ్గా మాట్లాడలేదేమో, అనుభవం చాల్లేదేమో అని మనసు పాడుచేసుకుంటారు. నేను చూసినవాటిలో చాలాసార్లు కారణం తేదీలు.

వేసవి పని ఇచ్చేవాళ్ల వైపు నుంచి చూడండి. వాళ్ల ముందు ఒక క్యాలెండర్ ఉంటుంది. ఏ వారం ఎవరు సెలవులో వెళుతున్నారో, ఏ వారం రద్దీ ఉంటుందో అందులో రాసి ఉంటుంది, మధ్యలో కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. ఆ గడుల్లోకి మనిషి కావాలి. మీరెంత చురుకైనవాళ్లన్నది ఆ తర్వాతి సంగతి. అలాంటి మనిషికి మీరు "వేసవి సెలవుల్లో అందుబాటులో ఉంటాను" అని రాస్తే ఏం అర్థమవుతుంది? ఒక్కో యూనివర్సిటీకి సెలవులు ఒక్కోలా ఉంటాయి, ఒకే యూనివర్సిటీలో ఒక్కో బ్రాంచికి పరీక్షలు ఒక్కో రోజు ముగుస్తాయి. ముప్పై దరఖాస్తులు చదవాల్సినప్పుడు, మీకు ఫోన్ చేసి "ఎప్పటి నుంచి వస్తారు" అని కనుక్కునే కన్నా, తేదీలు స్పష్టంగా రాసిన పక్క కాగితం తీసుకోవడం సులువు. నేనూ అలాగే చేస్తాను. పని అడుగుతూ తేదీలు చెప్పకపోవడం చల్లకొచ్చి ముంత దాచినట్టే.

నేను డిగ్రీ మూడో ఏడాదిలో ఉన్నప్పుడు ఒక గిడ్డంగిలో సరుకు లెక్కలు చూసే పనికి వెళ్లాను. ఇంటర్వ్యూ చేసినాయన బాగా మాట్లాడాడు, చోటంతా తిప్పి చూపించాడు కూడా. ఫారంలో ఎప్పటి నుంచి రాగలరు అన్నచోట నేను 05/06 అని రాశాను. నా లెక్కలో అది జూన్ 5. ఆ ఫారంలో ముందు నెల, తర్వాత రోజు రాయాలి, గడి కింద సన్నటి అక్షరాల్లో అదే ఉంది, నేను చూడలేదు. వాళ్లు మే 6 అని చదువుకున్నారు. మే 6న నేను పరీక్ష హాల్లో ఉన్నాను, ఫోన్ బ్యాగులో, బ్యాగు బయట వరండాలో. బయటికొచ్చి చూస్తే మూడు మిస్డ్ కాల్స్. తిరిగి చేసేసరికి "రానివాళ్ల కోసం ఆగలేం, ఇంకొకరిని పెట్టుకున్నాం" అన్నారు. సర్దిచెప్పబోయాను, వినే ఓపిక వాళ్లకు లేదు. అప్పటి నుంచి నెలను అంకెల్లో రాయడం మానేశాను.

మొదలయ్యే తేదీ ఒక్కటీ ఉంటే చాలదు, ముగిసే తేదీ ఇంకా ముఖ్యం. విద్యార్థులను తీసుకోవడానికి చాలామంది వెనకాడేది ఎందుకంటే, పని నేర్పించాక మధ్యలో వెళ్లిపోతారని. మా జూనియర్ ఒకతను సప్లిమెంటరీ పరీక్ష ఉన్న సంగతి చెప్పకుండా చేరి ఐదో వారంలో మానేశాడు. మరుసటి ఏడాది అదే చోటికి వెళ్లిన మా వాళ్లందరినీ "చివరిదాకా ఉంటారా" అనే ముందు అడిగారు.

పరిష్కారం: రెజ్యూమెలో పేరు, నంబరు కింద వెంటనే ఒక వాక్యం. నేను రాయించేది ఇలా ఉంటుంది: "మే 18 నుంచి జూలై 12 వరకు, మొత్తం 8 వారాలు పని చేయగలను. జూన్ 3, 4 తేదీల్లో ప్రాక్టికల్స్ ఉన్నాయి, ఆ రెండు రోజులు మాత్రం రాలేను. వారానికి 5 రోజులు, శనివారాలు కూడా వీలవుతుంది." నెల పేరు అక్షరాల్లోనే. ఆన్‌లైన్ ఫారంలో అంకెలే అడిగితే, ముందు రోజు రాయాలా నెల రాయాలా అన్నది చూసి నింపండి. మెయిల్ సబ్జెక్ట్‌లో కూడా పని పేరు పక్కన ఆ రెండు తేదీలూ పెట్టండి.

ఆ తేదీలు రాయబోయే ముందు పది నిమిషాలు కూర్చుని లెక్క చూసుకోవాలి. తరగతులు ముగిసే రోజు కాదు, చివరి పరీక్ష రోజు. దాని తర్వాత ప్రాక్టికల్స్, వైవా, ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాల్సిన గడువు ఉన్నాయా? హాస్టల్ ఎప్పుడు ఖాళీ చేయాలి, చేశాక ఎక్కడుంటారు? సప్లిమెంటరీ రాయాల్సి వస్తే అది ఎప్పుడు పడొచ్చు? వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ఎప్పుడు? ఇవన్నీ ఒక కాగితం మీద వేసుకుని, రెండు చివర్లా రెండు మూడు రోజులు వదిలేసి, మిగిలినదే రాయండి. టైమ్‌టేబుల్ ఇంకా రాకపోతే కచ్చితంగా రాగలిగే ఆలస్యపు తేదీయే రాసి, వీలైతే ముందే వస్తానని చెప్పండి. ముందు వస్తానంటే ఎవరూ కాదనరు, వెనక్కి జరిపితే మాత్రం మీ మీద నమ్మకం పోతుంది.

"ఐదు వారాలే ఉంటానని చెబితే మొదట్లోనే తీసేస్తారు కదా" అని అడుగుతారు. కొందరు తీసేస్తారు, నిజమే. పని నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టే చోట, ఐదు వారాల మనిషి వల్ల వాళ్లకు మిగిలేది మూడు వారాలే. చేరాక తెలిసినా వాళ్లు ఒప్పుకోరు, మీకు మాట పోతుంది. సమయం తక్కువున్నప్పుడు ఒకటి రెండు రోజుల్లో పట్టుబడే పనులు చూసుకోండి: డేటా ఎంట్రీ, ఈవెంట్లలో రిజిస్ట్రేషన్ కౌంటర్, స్టాక్ లెక్కింపు, లైబ్రరీలో పుస్తకాలు సర్దడం. అలాంటి చోట్ల సెలవులో వెళ్లినవాళ్ల బదులు నాలుగైదు వారాలకే మనిషి కావాలి, మీ తేదీలు వాళ్ల ఖాళీకి సరిపోతే చాలు.

సమస్య: అప్లై చేద్దామంటే ప్రకటనలే లేవు

పెద్ద సంస్థల దగ్గర మీరు ఆలస్యంగా వెళ్లారు, చిన్నవాటి దగ్గర తప్పు చోట చూస్తున్నారు. పెద్ద కంపెనీల వేసవి ఇంటర్న్‌షిప్‌లకు ఆరు నుంచి పది నెలల ముందే దరఖాస్తులు మొదలవుతాయి. సెర్న్ (జెనీవా దగ్గరున్న కణ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ) వేసవి విద్యార్థి కార్యక్రమానికి గడువు సాధారణంగా జనవరిలోనే అయిపోతుంది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (ఎవరైనా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు కోడ్ రాసే కార్యక్రమం) కొంచెం నయం, దాని దరఖాస్తుల గడువు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పడుతుంటుంది. అవి దాటిపోతే వచ్చే ఏడాదికి ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

చిన్న షాపులు, ఆఫీసులు, ట్యూషన్ సెంటర్లు చాలావరకు ప్రకటన ఇవ్వవు, నాలుగైదు వారాల ముందు తెలిసినవాళ్లను అడుగుతాయి. అక్కడికి మనిషి వెళ్లాలి, అదీ రద్దీ లేని వేళ, తేదీలు రాసిన కాగితంతో. మీ డిపార్ట్‌మెంట్ ల్యాబుల్లో కూడా అడగండి, "ఏదైనా పని ఉంటే చెప్పండి సార్" అని కాకుండా ఆ ల్యాబులో జరుగుతున్న ఫలానా పనిలో ఫలానాది చేయగలను అని.

సమస్య: "అనుభవం లేదు" అంటున్నారు

కాలేజీ ఫెస్ట్‌లో డబ్బు లెక్క చూశారా, మూడు వందల మందికి సీట్లు సర్దారా, తమ్ముడికి ఏడాదంతా లెక్కలు చెప్పారా? అవన్నీ అనుభవమే, అంకెలతో రాయండి. అంతకన్నా ఇందులో ఏమీ లేదు.

సమస్య: వెంటనే ఖాయం చేశారు, ముందు డబ్బు కట్టమన్నారు

అక్కడితో ఆపేయండి. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్ కిట్, డిపాజిట్, పేరేదైనా ఒకటే. ప్రైవేటు ఉద్యోగ ఏజెన్సీలు కార్మికుల నుంచి ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందంలోనే ఉంది, మినహాయింపులు చాలా పరిమితం. "పొరపాటున మీకు ఎక్కువ వేశాం, మిగిలింది తిరిగి పంపండి" అనేది కూడా పాత మోసమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలిపెట్టి రాకండి.

ఫాంట్, ఫోటో, రెజ్యూమె రంగు, ఒక సబ్జెక్టులో మార్కులు తగ్గడం లాంటి వాటి వల్ల వేసవి పని పోవడం నేను పెద్దగా చూడలేదు, వాటికి టెన్షన్ పడొద్దు. విదేశంలో చదువుతున్నవాళ్లు మాత్రం వీసా మీద ఏ పని, ఎన్ని గంటలు చేయొచ్చో యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసులో ముందే అడగాలి, స్నేహితుల మాట మీద వెళ్లకూడదు.

తేదీలు సరిచేశాక, పాత చోట్లకు కొత్త మెయిల్ పెట్టకండి, పంపినదాని కిందే జవాబుగా "నా తేదీలు ఇవి, ఇంకా ఖాళీ ఉంటే చెప్పండి" అని రెండు వాక్యాలు రాసి, సరిచేసిన ఫైలు జత చేసి పంపండి. వారం ఆగి ఒక్కసారి ఫోన్ చేయండి. ఉదయం పని మొదలైన గంటలో కాకుండా, కాస్త తెరిపి దొరికాక.