ఇంటర్వెల్ పంచాయితీలకు రెండు నిమిషాల పని

ఇంటర్వెల్ అయ్యి పిల్లలు లోపలికి రాగానే "టీచర్, వీళ్లు నన్ను ఆడించుకోవట్లేదు" అనే పంచాయితీలతోనే సగం పీరియడ్ పోతుంటే ఇది చేసి చూడండి. మా ప్రైమరీ పిల్లల దగ్గర బాగానే నడుస్తోంది.

బెల్లుకు రెండు నిమిషాల ముందు ఇద్దరిని ముందుకు పిలిచి అందరి ఎదుటా అనిపించండి. ఒకరు "నేనూ రావచ్చా? ఏ జట్టులో?" అని అడగాలి. రెండోవాళ్లు "రా" అనాలి, లేదంటే "ఈ ఆట అయ్యాక రా" అనాలి. ఉత్త "పో" ఒప్పుకోవద్దు. రోజూ జంట మార్చండి.

అసలు నోళ్లు లేచేది జట్లు పంచుకునే దగ్గర. ఇద్దరు లీడర్లు ఒక్కొక్కరినీ ఏరుకుంటూ పోతే చివర మిగిలినవాడి మొహం చూడలేం. "వీడు మాకొద్దు" అనే మాట పుట్టేది అక్కడే. అందుకే పంటలు వేయించండి. అందరూ ఒకేసారి చెయ్యి చాపాలి: వెల్లకిలా పెట్టినవాళ్లు ఒక జట్టు, బోర్లా పెట్టినవాళ్లు ఇంకొకటి. సమానం రాకపోతే మళ్లీ వేయడమే. మరీ చిన్నవాళ్లు వస్తే ఆటలో అరటిపండుగా ఉంచుకోమనండి. ఔటూ లేదు, ఏడుపూ లేదు.

ఒక్క జాగ్రత్త. ఒకే గుంపు పనిగట్టుకుని ఒకే పిల్లనో పిల్లాడినో దూరం పెడుతుంటే ఇది పనిచేయదు. "ఈ ఆట అయ్యాక" అంటూనే రోజంతా తిప్పుతారు. అప్పుడు ఆ పిల్లల చేత మళ్లీ అడిగించకండి, మీరే వెళ్లి ఆ గుంపుతో మాట్లాడండి.