పాత అమెరికా పెద్ద సైజు నోట్లను చదవడం – 3వ పాఠం: సంతకాలతో కాలాన్ని తేల్చడం

1861 నుంచి 1929 దాకా అమెరికాలో వెలువడిన, సుమారు 187 మిల్లీమీటర్ల పొడవు, 79 మిల్లీమీటర్ల వెడల్పు గల పెద్ద నోట్లను కొలతనుబట్టీ ముద్ర రంగునుబట్టీ గుర్తించడం గత పాఠాల్లో చూశాం. ఇప్పుడు నోటు ఏ కాలంలో తయారైందో తేల్చడం నేర్చుకుందాం.

నోటుపై సిరీస్ పేరుతో ఉన్న సంవత్సరం ఆ నమూనాకు సంబంధించినదే తప్ప, మీ చేతిలోని కాగితం అచ్చయిన సంవత్సరం కాదు. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సిల్వర్ సర్టిఫికేట్లపై, అంటే వెండి పూచీగా ప్రభుత్వం వెలువరించిన నోట్లపై, ట్రెజరీ (ప్రభుత్వ ఖజానా శాఖ) రిజిస్టర్ పదవిలోని అధికారి, అమెరికా ట్రెజరర్, ఈ ఇద్దరి సంతకాలూ అచ్చులోనే ఉంటాయి. ఇద్దరూ ఒకేసారి పదవుల్లో ఉన్న కాలాన్ని లెక్కగట్టడమే మన పద్ధతి.

ఈ సర్టిఫికేట్లలోని 1896 సిరీస్ ఒక డాలరు నోటును తీసుకోండి. చరిత్రకు ప్రతిరూపమైన స్త్రీ ఒక బాలుడికి బోధిస్తున్నట్టు విల్ లో అనే చిత్రకారుడు గీసిన చిత్రం దాని ముఖభాగాన్నంతా ఆక్రమించి ఉంటుంది. వెనుక మార్తా, జార్జ్ వాషింగ్టన్‌లు ఉంటారు. అమెరికా నోట్లలో ఇంత అందమైనది మరొకటి లేదని నా అభిప్రాయం. కొన్నిటిపై టిల్‌మన్, మోర్గాన్ సంతకాలుంటే, మరికొన్నిటిపై బ్రూస్, రాబర్ట్స్ సంతకాలుంటాయి. రాబర్ట్స్ 1897 జూలై నుంచి 1905 దాకా ట్రెజరర్. బ్రూస్ 1897 డిసెంబరులో రెండోసారి రిజిస్టర్ అయి, 1898 మార్చి 17న మరణించారు. కనుక వీరిద్దరి సంతకాలున్న నోటు, సిరీస్ 1896 అయినా, 1897 డిసెంబరుకు ముందుది కాజాలదు.

ఆ బ్రూస్ వర్జీనియాలో బానిసగా పుట్టి, మిసిసిపీ నుంచి సెనేటర్‌గా ఎన్నికై, అమెరికా కాగితపు డబ్బుపై సంతకం కనిపించిన మొదటి నల్లజాతీయుడైన బ్లాంచ్ బ్రూస్. ఆ సంతకం దగ్గర కాసేపు ఆగి చూడండి.

ఒక జాగ్రత్త: అధికారి దిగిపోయాక కూడా పాత ప్లేట్లతో ముద్రణ సాగిన సందర్భాలున్నాయి కాబట్టి, మొదటి హద్దును నమ్మవచ్చు గానీ చివరి హద్దును అంత గట్టిగా నమ్మరాదు.

అభ్యాసం: గద్ద బొమ్మ, దాని కింద లింకన్, గ్రాంట్ ముఖాలు గల 1899 సిరీస్ ఒక డాలరు నోటుపై టీహీ, బర్క్ సంతకాలున్నాయి. టీహీ 1915 నుంచి 1919 దాకా రిజిస్టర్. బర్క్ 1913 నుంచి 1921 దాకా ట్రెజరర్. ఈ నోటు సిరీస్ సంవత్సరం తర్వాత కనీసం ఎన్నేళ్లకు తయారై ఉంటుంది? జవాబు రాసిపెట్టుకోండి, వచ్చే పాఠంలో సరిచూసుకుని, బ్యాంకు అధికారుల సంతకాలు కూడా ఉండే నేషనల్ బ్యాంక్ నోట్లలోకి వెళ్దాం.