గార్మిన్ కనెక్ట్‌లో పేస్, ఇంటర్వెల్ రన్నింగ్ వర్కవుట్ తయారు చేసుకోవడం ఎలా?

రోజూ ఒకే వేగంతో పరిగెత్తేవాళ్లకు కొన్ని నెలల తర్వాత టైమ్ తగ్గడం ఆగిపోతుంది. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే కొంత దూరం గట్టిగా పరిగెత్తడం, కాస్త తేరుకోవడం, మళ్లీ పరిగెత్తడం అలవాటు చేసుకోవాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన ఎమిల్ జాటోపెక్ సాధనంతా దాదాపు ఇలాంటిదే. ఇలా గట్టిగా పరిగెత్తే ఒక్కో భాగాన్ని ఇంటర్వెల్ అంటారు. ఇప్పుడు ఆ లెక్కంతా గార్మిన్ వాచీ చూసుకుంటుంది, దాని ఫోన్ యాప్ పేరే గార్మిన్ కనెక్ట్. కానీ వాచీకి ఏం చెప్పాలో మనకు తెలిసి ఉండాలి.

ఆగకుండా అరగంట పరిగెత్తలేనివాళ్లు ముందు ఆ స్థాయికి రండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.

1. ఈరోజు మీ పేస్ ఎంతో తేల్చుకోండి

పేస్ అంటే కిలోమీటరుకు పట్టే సమయం. ఈమధ్య పరిగెత్తిన 5కె (5 కిలోమీటర్ల) టైమ్ తీసుకోండి. లేకపోతే ఓ ఉదయం చదునైన రోడ్డు మీద పరిగెత్తి చూడండి. 30 నిమిషాలు పట్టిందనుకుందాం, అంటే కిలోమీటరుకు 6:00 (6 నిమిషాలు). దాన్నిబట్టి ఇంటర్వెల్స్‌కు 5:45–6:05, టెంపో పరుగుకు (ఆగకుండా కొనసాగించే కాస్త గట్టి పరుగు) 6:20–6:35, తేలిక పరుగుకు 7:15–7:45 పెట్టుకోవచ్చు. చేరాలనుకుంటున్న టైమ్‌ని బట్టి మాత్రం ఈ అంకెలు వేయకండి. అలా వేస్తే మూడో ఇంటర్వెల్‌కే ఒళ్లు మొరాయిస్తుంది, మిగతా వర్కవుట్ వృథా అవుతుంది.

2. యాప్‌లో వర్కవుట్ కట్టండి

ఫోన్‌లో గార్మిన్ కనెక్ట్ తెరిచి, ట్రైనింగ్ విభాగంలోని వర్కవుట్స్‌లోకి వెళ్లి, కొత్త వర్కవుట్‌ని ఎంచుకుని రన్ నొక్కండి. మెనూ పేర్లు వెర్షన్‌ని బట్టి కాస్త మారుతుంటాయి. మొదటిసారికి ఇది సరిపోతుంది: వార్మ్ అప్ 15 నిమిషాలు, 400 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో 2 నిమిషాల మెల్లని జాగింగ్, చివర కూల్ డౌన్ 10 నిమిషాలు. మొత్తం 50 నిమిషాల పైచిలుకు.

వార్మ్ అప్ స్టెప్‌కి టైమ్ బదులు ‘ల్యాప్ బటన్ ప్రెస్’ పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. దారిలో సిగ్నల్ పడినా, షూ లేస్ ఊడినా, ఒళ్లు వేడెక్కడానికి ఇంకాస్త సమయం కావాలన్నా తొందర ఉండదు. మీరు సిద్ధమయ్యాక బటన్ నొక్కితేనే ఇంటర్వెల్ మొదలవుతుంది.

తర్వాత రిపీట్ చేర్చి 6 అని ఇవ్వండి. అందులో రన్ స్టెప్‌కి దూరం 400 మీటర్లు, టార్గెట్ పేస్ 5:45–6:05 పెట్టండి. అంటే ఒక్కోటి 2:18 నుంచి 2:26 లోపు ముగుస్తుంది. పేస్‌లో ఆ 20 సెకన్ల తేడా అవసరం. ఖచ్చితంగా 5:55 అని బిగిస్తే వాచీ అడుగడుగునా మోగుతుంది, ఎందుకంటే జీపీఎస్ చూపించే అప్పటికప్పటి పేస్ నిలకడగా ఉండదు. వాచీ స్క్రీన్ మీద ల్యాప్ పేస్ (ఆ ఇంటర్వెల్‌లో అప్పటివరకు సగటు పేస్) కనబడేలా పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

ఇంత చిన్న ఇంటర్వెల్స్‌కి హార్ట్ రేట్ టార్గెట్ పెట్టొద్దు. గుండె వేగం పెరగడానికి నిమిషం పైనే పడుతుంది, అది అందుకునేలోపు 400 మీటర్లలో సగం అయిపోతుంది. పొడవైన టెంపో పరుగులకైతే అది బాగా పనికొస్తుంది.

3. రికవరీని తేలిగ్గా తీసుకోకండి

చాలామంది పరిగెత్తే భాగం మీదే మనసు పెట్టి, మధ్య విరామాన్ని తోచినట్టు వదిలేస్తారు. నిజానికి వర్కవుట్ స్వభావాన్ని నిర్ణయించేది ఆ విరామమే. అదే 400 మీటర్లు 1 నిమిషం విరామంతో చేస్తే అలసటను ఓర్చుకోవడం అలవాటవుతుంది, 3 నిమిషాలు ఇస్తే ప్రతిసారీ వేగంగా, చక్కని ఫామ్‌తో పరిగెత్తగలుగుతారు. కొత్తవాళ్లకు 2 నిమిషాలు మంచిది. ఈ స్టెప్‌కి ‘నో టార్గెట్’ పెట్టండి. నడిచినా తప్పులేదు, తేరుకోవడమే అక్కడ పని.

4. వాచీకి పంపి, చోటు చూసుకోండి

సేవ్ చేశాక ‘సెండ్ టు డివైస్’ నొక్కితే వర్కవుట్ వాచీలోకి వస్తుంది. వాచీలో రన్ తెరిచి, ట్రైనింగ్ మెనూలోంచి దాన్ని ఎంచుకోండి.

స్టేడియం ట్రాక్ మీద మొదటి లేన్ చుట్టుకొలత 400 మీటర్లు, ఎనిమిదోది దాదాపు 453. కాబట్టి వాచీలో ట్రాక్ రన్ మోడ్ ఉంటే లేన్ నంబర్ సరిగ్గా ఇవ్వండి. జూబ్లీహిల్స్ లాంటి ఎత్తుపల్లాల్లో పేస్ టార్గెట్‌కి అర్థం ఉండదు. అక్కడ దూరం బదులు 2 నిమిషాలు అని టైమ్ పెట్టి, ఎంత కష్టపడుతున్నారో ఒంటినిబట్టి చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే పరిగెత్తినా ఉక్క తప్పదు, పేస్‌ని కిలోమీటరుకు 10–20 సెకన్లు సడలించండి.

5. వారానికి ఒకటి చాలు

బాగా కుదిరితే తర్వాతి వారాల్లో ఆరుని ఎనిమిది చేయండి, లేదా 800 మీటర్లు నాలుగుసార్లకు మారండి. వేగం మాత్రం ఇప్పుడే పెంచొద్దు. ఆరు వారాలకు మళ్లీ 5కె పరిగెత్తి, కొత్త టైమ్‌తో అంకెలు మార్చుకోండి.

ప్రతి వర్కవుట్ తర్వాత యాప్‌లో ల్యాప్‌లు చూడండి. చివరి 400 మొదటిదానికంటే 10 సెకన్లు ఎక్కువ తీసుకుంటే, మొదట్లో తొందరపడ్డారన్నమాట. వచ్చేసారి మొదటి రెండూ 6:05 దగ్గరే పరిగెత్తండి.