పాట వస్తోంది, గొంతు రావడం లేదు: హెడ్‌ఫోన్ జాక్ తిప్పలు

కంప్యూటర్‌కి పెట్టిన హెడ్‌ఫోన్‌లో శబ్దం తేడాగా వస్తే, ముందు ఆ హెడ్‌ఫోన్‌ని వేరే ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో పెట్టి చూడండి. అక్కడా అదే తంతు అయితే తప్పు వైరుదో పిన్నుదో. అక్కడ బాగుంటే మీ కంప్యూటర్ సాకెట్‌నో, సెట్టింగ్‌నో చూడాలి. చాలామంది డ్రైవర్‌తో (కంప్యూటర్‌లో శబ్దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌తో) మొదలుపెడతారు, నిజానికి అది ఆఖర్న చేయాల్సిన పని.

సంగీతం వినిపిస్తుంది, గాయకుడి గొంతు మాయం

గ్రౌండ్ అందడం లేదని దీనర్థం. ఎడమ, కుడి సిగ్నళ్లు రెండూ తిరిగొచ్చే దారి గ్రౌండ్ ఒక్కటే. అది తెగితే రెండు చానెళ్ల మధ్య తేడా మాత్రమే చెవికి చేరుతుంది. గొంతు మామూలుగా రెండింట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. పిన్ను టక్కుమని చివరిదాకా దిగిందా? ల్యాప్‌టాప్ కవర్ అడ్డొస్తోందా? పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే అది మైకున్న ఫోన్ హెడ్‌సెట్. డెస్క్‌టాప్ ఆకుపచ్చ సాకెట్‌లో ఇలాగే మొరాయించొచ్చు. మైకుకీ హెడ్‌ఫోన్‌కీ విడివిడి పిన్నులున్న వై స్ప్లిటర్ కొనండి.

గరగర, ఒక చెవే పనిచేయడం

పిన్నుని సాకెట్‌లో గుండ్రంగా తిప్పితే మారుతోందా, అయితే మురికి. పిన్ను దగ్గర వైరు వంచితే మారుతోందా, లోపల తీగ తెగింది, కొత్త పిన్ను అతికించాలి.

విశాఖలో లాసన్స్ బే, పెదవాల్తేరు లాంటి తీరం పక్క ఇళ్లలో ఉప్పుగాలికి పిన్ను నల్లబడుతుంది, చిలుము పడుతుంది. కంప్యూటర్ ఆపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పిన్నుకి పలచగా రాసి పది పదిహేనుసార్లు పెట్టి తీయండి. చేతుల శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ జిగట మిగులుస్తుంది. దూది పోగులుంటే చెక్క టూత్‌పిక్‌తో తీయండి. పిన్నీసు పెడితే లోపలి స్ప్రింగు వంగుతుంది. పది నిమిషాలు ఆరనిచ్చాకే ఆన్ చేయండి.

పిన్ను తీసేసినా స్పీకర్ మోగదు

పిన్ను ఉందో లేదో పసిగట్టే చిన్న స్విచ్ సాకెట్‌లో ఇరుక్కుంది. పైన చెప్పిన శుభ్రమే మందు.

డెస్క్‌టాప్ ముందు సాకెట్ మూగ, వెనకది బాగుంది

కేబినెట్ తెరిచి, ముందు సాకెట్ నుంచి మదర్‌బోర్డుకి వచ్చే హెచ్‌డీ ఆడియో వైరు ఊడిందేమో చూడండి.

ఇవేవీ కాకపోతేనే విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌కి వెళ్లి అవుట్‌పుట్ మార్చండి. హెచ్‌డీఎంఐ మానిటర్ పెట్టగానే శబ్దం అటు పోవడం మామూలే. డ్రైవర్ తీసి మళ్లీ వేయడం ఆ తర్వాత.

సాకెట్టే వదులై ఊగుతుంటే టంకం పెట్టించాలి. ఆ ఖర్చు ఎక్కువనిపిస్తే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని పెట్టుకోండి, కొన్ని వందల్లో వస్తుంది.