ఇన్సూరెన్స్ చెల్లింపులు తగ్గుతుంటే అమెరికాలో థెరపీ క్లినిక్ నడపడం ఎలా?

మెడికేర్ అంటే ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్. అది డాక్టర్లకిచ్చే చెల్లింపులను లెక్కకట్టే మూల రేటు, అంటే కన్వర్షన్ ఫ్యాక్టర్, 2020లో 36.09 డాలర్లు. 2025 నాటికి 32.35కు దిగింది. చాలా ప్రైవేటు ఇన్సూరెన్సులు మెడికేర్ రేటులో ఇంత శాతమని ఇస్తాయి కాబట్టి ఆ కోత వాటి చెక్కుల్లోనూ కనిపిస్తుంది. అప్పుడు ఎక్కువమంది రోజుకు మరో ఇద్దరు పేషెంట్లను ఇరికిస్తారు. అది ఆఖరి మార్గం. ముందు డబ్బు ఎక్కడ కారిపోతోందో చూడాలి.

1. చేతికి నిజంగా ఎంత వస్తోందో లెక్కకట్టండి. గత 90 రోజుల చెల్లింపు వివరాలు తీసి, ఒక్కో ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్కో కోడ్‌కు (ఏ సేవ చేశారో చెప్పే బిల్లింగ్ నంబరు) ఎంత ఇచ్చిందో రాయండి. మీరు వేసిన బిల్లు మొత్తాన్ని చూడకండి, దాంతో పనిలేదు. ఉదాహరణకు ఒక కంపెనీ 90834 అనే థెరపీ సెషన్ కోడ్‌కు 98 డాలర్లు ఇస్తుంది. పది క్లెయిముల్లో రెండు తిప్పికొడుతుంది. వాటి వెంటపడటానికి స్టాఫ్ ఖర్చు చెరో 16 డాలర్లు, అయినా ఒకటి రానే రాదు. అంటే సెషన్‌కు మిగిలేది 85. పేచీ లేకుండా 88 ఇచ్చే కంపెనీయే నయం.

2. కోడ్, టైమ్ సరిచూడండి. 16–37 నిమిషాలకు 90832, 38–52కు 90834, 53 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువైతేనే 90837. నోట్‌లో మొదలైన టైమ్, ముగిసిన టైమ్ రెండూ ఉండాలి. 50 నిమిషాల సెషన్‌కు 90837 వేస్తే ఆడిట్‌లో ఇచ్చింది వెనక్కి లాగుతారు. సైకియాట్రిస్టులు 99214 (పాత పేషెంట్‌ను డాక్టర్‌గా చూసిన కోడ్)తో పాటు 90833 (దానికి జతచేసే థెరపీ కోడ్) వేయాలంటే, మందుల సంగతి చూసిన సమయం కాకుండా విడిగా కనీసం 16 నిమిషాలు థెరపీ చేసి ఉండాలి. చాలామంది థెరపీ చేసి కూడా ఈ కోడ్ వేయరు! ఇంట్లో ఉన్న పేషెంట్‌ను వీడియోలో చూస్తే ప్లేస్ ఆఫ్ సర్వీస్ (పేషెంట్ ఎక్కడున్నారో చెప్పే కోడ్) 10. పొరపాటున 02 (ఇల్లు కాని చోటు) పెడితే మెడికేర్ తక్కువ రేటు కడుతుంది.

3. డినైయల్స్‌ను, అంటే తిప్పికొట్టిన క్లెయిములను, కారణాల వారీగా విడదీయండి. కారణాన్ని కంపెనీ ఒక కోడ్‌గా పంపుతుంది. హైదరాబాద్‌లో ఏఆర్ కాలర్లుగా (రావలసిన బాకీల కోసం అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసేవాళ్లు) పనిచేసేవాళ్లకు ఇవి కంఠతా వచ్చిన నంబర్లే. సీఓ-16 వస్తే వివరాలు తప్పాయి, సీఓ-197 వస్తే ముందస్తు అనుమతి లేదు, సీఓ-29 వస్తే గడువు దాటింది. మొదటిది సరిదిద్ది పంపితే సరిపోతుంది. మూడోదాన్ని తిరిగి రాబట్టడం చాలా కష్టం, అందుకే క్లెయిములు ఏ వారానికి ఆ వారం పంపేయాలి. సీఓ-45 మాత్రం డినైయల్ కాదు, ఒప్పందం ప్రకారం వదులుకునే తేడా. దాన్ని పేషెంట్ దగ్గర వసూలు చేయకూడదు.

4. రేటు పెంచమని అడగండి. ఎక్కువగా వాడే నాలుగైదు కోడ్‌లకే అడగండి. "ఖర్చులు పెరిగాయి" అన్న మాట ఎవరూ వినరు. కొత్త పేషెంట్‌కు ఎన్ని రోజుల్లో అపాయింట్‌మెంట్ ఇస్తున్నారు, సాయంత్రాలు చూస్తారా, తెలుగులో థెరపీ చేస్తారా అన్నవి రాయండి. తన నెట్‌వర్క్‌లో, అంటే ఒప్పందం ఉన్న క్లినిక్‌ల జాబితాలో, థెరపిస్టులు చాలని కంపెనీకి కావలసింది అదే. మానసిక చికిత్సకు మిగతా వైద్యం కన్నా కఠినమైన షరతులు పెట్టకూడదనే 2008 నాటి పారిటీ చట్టాన్ని ప్రస్తావించవచ్చు గానీ, అది సమాన రేట్లు ఇవ్వమని చెప్పదు.

5. వినకపోతే, అట్టడుగున ఉన్న ఒక్క కంపెనీని వదలండి. ముందు ఒప్పందంలో నోటీసు గడువు చూడండి. చికిత్స మధ్యలో ఉన్నవాళ్లను వేరేచోటికి అప్పగించే ఏర్పాటు చేయండి. సొంత డబ్బుతో కొనసాగేవాళ్లకు ఖర్చు అంచనాను రాతపూర్వకంగా ముందే ఇవ్వాలి, 2022 నుంచి ఇది తప్పనిసరి. రెండు కంపెనీలను ఒకేసారి వదిలితే మాత్రం ఖాళీ స్లాట్లు నిండేలోపే జీతాల తేదీ వచ్చేస్తుంది.