వేరే డిగ్రీ ఉండి బ్రిటన్‌లో ఆన్‌లైన్‌గా సైకాలజీ చదవాలంటే

ఇంజినీరింగో, కామర్సో చదివి సైకాలజీకి మారేవాళ్లకు దారి ‘కన్వర్షన్’ ఎమ్మెస్సీ. మొత్తం 180 క్రెడిట్లు; ఉద్యోగం చేసుకుంటూ అయితే సాధారణంగా రెండేళ్లు. ఫీజు కట్టేముందు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు జాబితాలో సరిగ్గా ఆ కోర్సే, ఆన్‌లైన్‌దే, ఉందో లేదో చూడండి. యూనివర్సిటీ పేరు చూసి మోసపోవద్దు. గుర్తింపు లేకపోతే జీబీసీ (ఆ సొసైటీలో చార్టర్డ్ సభ్యత్వానికి కావాల్సిన ప్రాథమిక అర్హత) రాదు; అది లేకుండా క్లినికల్ సైకాలజిస్ట్ కావడానికి చేసే డాక్టరేట్‌కి దరఖాస్తే కుదరదు.

చాలామంది తడబడేది స్టాటిస్టిక్స్ దగ్గరే. టీ-టెస్ట్, అనోవా, రిగ్రెషన్ లాంటి లెక్కల్ని కోర్సు మొదలవకముందే ఒకసారి చేసి చూడండి. పరిశోధన ప్రాజెక్టు అంశం కూడా తొందరగా తేల్చుకోవాలి: ఎథిక్స్ అనుమతి వచ్చేదాకా ఒక్క ప్రశ్నావళి కూడా పంపకూడదు, ప్రాజెక్టులో ఫెయిలైతే జీబీసీ పోయినట్టే.

ఆన్‌లైన్ కోర్సుకి స్టూడెంట్ వీసా ఇవ్వరు. పోనీ ఇండియాలోనే దూరవిద్యలో చేద్దామన్నా, 2025 జులై-ఆగస్టు నుంచి సైకాలజీలో కొత్త ప్రవేశాలను యూజీసీ ఆపించింది.