ఉన్న రోజుల్లో దేవునికి మొదటి భాగం ఇవ్వడం ఎలా

మనిషి ఆయుష్షు 70 ఏళ్లు, బలముంటే 80 అని చెప్పిన 90వ కీర్తనే “మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము” అని ప్రార్థిస్తుంది. కాబట్టి ముందుగా ఆ లెక్కే వేయండి. 70 ఏళ్లంటే సుమారు 25,500 రోజులు. మీకు 45 నిండితే వాటిలో 16,400 గడిచిపోయినట్లే. మిగిలిన సంఖ్యను మీ బైబిలు మొదటి పుటలో రాసుకొని, ఏటా పుట్టినరోజున దాన్ని కొట్టివేసి కొత్తది రాయండి. ఆ మిగిలినవైనా మన చేతిలో ఉన్నవి కావు. మనం కొంతసేపు కనబడి మాయమయ్యే ఆవిరి వంటివారమని యాకోబు తన పత్రికలో హెచ్చరించాడు.

ఆ రోజుల్లో దేవునికి చెందవలసినది మొదటి భాగం. మా నాయనమ్మ బియ్యం కడిగే ముందే, కొలిచిన బియ్యంలోనుంచి ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కనున్న మట్టి ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంతను కొంగు చాటున పట్టుకొని మందిరానికి వెళ్లి కానుకల గంపలో ఒంపేది. ఇంట్లో గింజలు తక్కువైన నెలల్లో గుప్పిట చిన్నదయ్యేదేమో గాని, ముంత ఖాళీగా వెళ్లిన ఆదివారం నాకు గుర్తు లేదు. వండి తిన్నాక మిగిలితే ఇద్దామనుకొని ఉంటే అది ఎన్నటికీ నిండేది కాదు.

మీ సమయాన్నీ అలాగే ముందుగా తీసి పెట్టండి. ఉదయం లేవగానే ఫోను ముట్టుకోకముందు, పావుగంటైనా సరే, ఒక అధ్యాయం నెమ్మదిగా చదివి ప్రార్థించండి. జీతం అందిన రోజే కానుకను విడిగా ఉంచండి. ఆదివారం ఆరాధనకు వెళ్లాలా వద్దా అన్నది శనివారం సాయంత్రమే నిర్ణయమైపోవాలి. తెల్లవారాక ఆలోచిస్తే పెళ్లిళ్లో, పిల్లల ట్యూషన్లో అడ్డు వస్తాయి.

చింతల విషయంలో ఒక మాట జాగ్రత్తగా గమనించాలి. అన్నవస్త్రాలు అక్కర లేదని యేసు చెప్పలేదు. అవి మనకు కావలసినవని పరలోకపు తండ్రికి తెలుసునని చెప్పి, ఆయన రాజ్యాన్ని “మొదట” వెదకమన్నాడు. అందువల్ల రాత్రి పడుకునే ముందు మీ చింతలను కాగితం మీద రాసి, రేపు మీరు చేయగలిగిన పని వాటి పక్కనే రాయండి. మీ చేతిలో లేనివాటిని పేరుపేరునా ప్రార్థనలో అప్పగించండి.

అయితే భక్తి పేరుతో ఇంటివారిని విడిచిపెట్టకూడదు. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని “కొర్బాను” అని, అంటే దేవార్పితమని, తప్పించుకున్నవారిని యేసు గద్దించాడు. మంచాన ఉన్న తల్లికి మందు ఇవ్వకుండా ఉపవాస కూటానికి పరుగెత్తడం విశ్వాసాన్ని పైన ఉంచడం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

రాజ్యాన్ని మొదట వెదకమని యేసు చెప్పిన ఆ కొండమీది ప్రసంగంలోనే “మొదట” అనే మాట మరొకచోట కూడా ఉంది. అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి, మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. పొలం గట్టు దగ్గర మాట పెరిగి అన్నదమ్ములతో మాటలు మానుకున్నవారు మనలో ఎందరో ఉన్నారు. మీరు వారిలో ఒకరైతే, వచ్చే ఆదివారం కానుక పట్టుకొని బయలుదేరే ముందు ఆ ఇంటి తలుపు తట్టండి.